వెన్నకి సూడు

రైల్లో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే రామలింగ రాజా "రాజపాళయం" అంటాడు. మరుక్షణం ఎదుటి సీటాయన కాళ్ళు పైకి పెట్టుకుంటాడు. తమిళనాడులో, ఊరి పేరే కుక్కజాతి పేరైపోయిన చోట పుట్టినవాడికి ఆ మాత్రం మర్యాద దక్కడం సహజమే. "కరవను లెండి, నేను మనిషి రాజపాళయం" అని ఆయన చెబుతాడు. వాళ్ళు నమ్ముతారు గాని, కాళ్ళు మాత్రం దించరు.

పి.ఎస్. రామలింగ రాజాకు యాభై ఎనిమిదేళ్ళు. సత్రపట్టిలో దెబ్బలకు కట్టే గాజుగుడ్డ నేసే మగ్గాల మీద ఇరవై ఏడేళ్ళుగా సూపర్వైజరు. దేశమంతా తగిలించుకున్న గాయాలకు ఈయన కట్టుబట్ట పంపిస్తూ ఉంటాడు. ఆయన ఇంట్లో మాత్రం ఒక గాయానికి కట్టు లేదు. దాని పేరు పాలమ్మ.

పాలమ్మ తెల్లటి రాజపాళయం కుక్క. గులాబీరంగు ముక్కు, తేనెకళ్ళు, నాలుగు కాళ్ళ మీద నడిచే నాజూకు. పుట్టిన రెండో ఏటి నుంచి డాక్టర్లు "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, వయసు మళ్ళాక గర్భసంచికి చేటు" అంటూనే ఉన్నారు. రామలింగ రాజా "చేయిద్దాం" అంటూనే ఉన్నాడు. ఆడినెలలో శుభం కాదన్నాడు. ఐప్పసిలో వాన అన్నాడు. మార్గళిలో చలి అన్నాడు. చిత్తిరైలో ఎండ. పంచాంగంలో ఉన్న పన్నెండు నెలల్లో పాలమ్మకు ఒక్క నెలా నప్పలేదు. ఆ పైన ఆయన అక్క వేదవల్లి, సేత్తూరు నుంచి బస్సు దిగినప్పుడల్లా, "ఇంకొక్క ఈత ఈననీరా" అనేది. ఈతకు ఈత తోడై, ఎనిమిదేళ్ళ పాలమ్మ ఆఖరి ఈత ఈదింది. పిల్లలు పాలు మానేలోగా ఆపరేషన్ కుదరదన్నారు. పాలు ఎండేలోగా మళ్ళీ ఎదకు వచ్చేసింది. అది దాటాక చూద్దామనుకున్నారు. ఒకరోజు అన్నం మానేసి బకెట్లకొద్దీ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. మూడోరోజు తిరునెల్వేలి పెద్దాసుపత్రిలో "గర్భసంచి నిండా చీము" అన్నారు. నాలుగోరోజు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఆ ఆఖరి ఈతలో ఇంట్లో ఉంచుకున్న ఒక్కగానొక్క ఆడపిల్ల వెన్న. పాలలోంచి వచ్చేది వెన్నే కదా, వేరే పేరు వెతుక్కోలేదు. పాలమ్మను పూడ్చిన చోట నిలబడి రామలింగ రాజా భార్యతో ఒకే మాట అన్నాడు: "మంగళం, దీని విషయంలో ఒక్కనాడు గూడ తప్పను."

మంగళం చేతికంటిన మట్టి దులుపుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆయన "చేయిద్దాం"లు విన్న మనిషి. వంటింటి గోడకున్న కొళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది మరి.

కాని ఈసారి ఆయన నిజంగానే కదిలాడు. వెన్నకు ఎనిమిదో నెల రాగానే తెన్‌కాశి రోడ్డులో కొత్తగా తెరిచిన పశువుల క్లినిక్కుకు తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరు భార్గవి కడప వైపు అమ్మాయి. భర్త ఇక్కడి మిల్లులో ఇంజినీరు కావడం వల్ల వచ్చిపడింది. తమిళం ఇంకా సగమే వచ్చు, ఆ సగమూ రోజుకొకటి. చేరిన మొదటివారంలో ఒకాయన పెద్ద కుక్కను లాక్కొచ్చి "కరుత్తడై" అన్నాడట. ఆ అమ్మాయికి "కరుస్తది" అని వినబడింది. గబుక్కున బల్ల వెనక్కి వెళ్ళి నిలబడింది. సహాయకురాలు మారిసెల్వి, తన వచ్చీరాని తెలుగులో, "మేడం, కరిచేది కాదు, కనేది ఆపేది! పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌ని తమిళంలో అట్టా దాన్ అంటారు" అని చెప్పేదాకా బయటికి రాలేదట.

అలాంటి అమ్మాయి దగ్గరికి తెలుగు మాట్లాడే మనిషి వస్తే ఎలా ఉంటుంది? కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సార్, మీరు తెలుగా! మనం హాయిగా తెలుగులోనే మాట్లాడుకుందాం. తమిళం వద్దు, ఇంగ్లీషూ వద్దు. నా చెవులు వాచిపోయి ఉన్నాయి."

"అట్లే అమ్మా. మాకు గూడ తెలుగు దాన్ తెలుగు," అన్నాడు రామలింగ రాజా ఛాతీ విరుచుకుని. 'తెలుగే' అనాల్సిన చోట తమిళ 'దాన్' దూరిన సంగతి ఆయనకు తెలియదు.

"ఈ పిల్ల ఇంకా ఎదకు రాలేదు కదా?"

తమిళంలో 'ఎదుక్కు' అంటే 'ఎందుకు' అని. రామలింగ రాజా తికమకపడి, "ఎదుక్కా? టీకా ఊసి వేసేటందుకు వచ్చినాది, అట్లే ఆపరేషన్ మాట గూడ అడిగేటందుకు" అన్నాడు.

"హీట్, సార్, హీట్," అంది మారిసెల్వి.

"ఓ, అదా! ఇంకా లేదమ్మా."

భార్గవి విడమరిచి చెప్పింది. "ఇది పెద్దజాతి. ఎముకలు బాగా ముదరాలి, కాబట్టి మరీ చిన్నప్పుడే కోయను. ఒకసారి ఎద రానిద్దాం. అది వచ్చిన రోజుల్లో కోస్తే రక్తం ఎక్కువ పోతుంది, అప్పుడూ వద్దు. అది తగ్గి రెండు మూడు నెలలు అయ్యాక, మళ్ళీ రాకముందు, ఆ మధ్యలో చేయాలి. రాగానే నాకు ఫోన్ చేయండి."

మధ్యలో! ఆ మధ్యను పట్టుకోలేకే కదా పాలమ్మను పోగొట్టుకున్నాడు. రామలింగ రాజా ఇంటికి వెళ్ళి గోడమీద రోజుకో కాగితం చింపే క్యాలెండరును దించి తన బల్లమీద పెట్టుకున్నాడు. ఇకనుంచి దాన్ని తనే చింపుతానని మంగళానికి ఆర్డరు వేశాడు.

పదకొండో నెలలో, ఒకనాటి పొద్దున, నేలమీద ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. ఆయన కాపిలోటా కింద పెట్టాడు. ఫోన్ తీశాడు. తీశాక ఆగిపోయాడు.

ఆ అమ్మాయి ఇంగ్లీషు వద్దంది కదా. 'హీట్' ఇంగ్లీషు. ఆమె చెప్పిన మాటేమో గుర్తులేదు, 'ఎందుకు'లాగా ఏదో. మన అచ్చతెలుగులో దాన్నేమంటారు? నాలుగు వందల ఏళ్ళ కిందట ఆయన పూర్వీకులు ఆంధ్రదేశం నుంచి మూటకట్టి తెచ్చుకున్న తెలుగు ఇది. దారిలో కొంత ఒలికింది. ఒలికిన మేరకు ఇక్కడి తమిళం పోసి నింపుకున్నారు. ఇప్పుడు చెంబులో ఏవి పాలో ఏవి నీళ్ళో తాగేవాడికి తెలియదు. రామలింగ రాజా తన అవ్వను తలుచుకున్నాడు. అవ్వ "కాపి సూడుగా ఉండాది" అనేది. "ఎండ సూడు తలకెక్కింది" అనేది. వేడికి ఇంటిల్లిపాదీ వాడే మాట అది. ఇంతకంటే అచ్చమైన తెలుగు ఏముంటుంది?

అది ముమ్మూర్తులా తమిళమని ఆయనకు ఎవరూ ఏనాడూ చెప్పలేదు.

"డాక్టరమ్మా, నేను వెన్న అప్పను, తండ్రిని, మాట్లాడేది. మా వెన్నకి సూడు వచ్చినాది."

కడప చెవికి అది ఎలా చేరాలో అలాగే చేరింది. అక్కడ కడుపుతో ఉన్న పశువును చూడి అంటారు.

"చూడా! ఎలా తెలిసింది? ఎప్పుడు జరిగింది?"

"నేటి పొద్దున దాన్. నా కండ్లతో నేనే సూసినాను."

అవతల కలం గీకిన చప్పుడు. "మీ కళ్ళతో చూశారా? సరే... అప్పుడే ఖాయం చేసేశారన్నమాట. పోనీలెండి, జరిగిందానికి ఏం చేస్తాం."

"మన చేతిలో ఏమి ఉండాది అమ్మా. వయసు."

"అవును. అయితే ఇప్పుడు ఆపరేషన్ మాట వద్దు. ఇవాళ్టి నుంచి తొమ్మిది వారాలు లెక్కపెట్టుకోండి. మంచి తిండి పెట్టండి. రోజూ గుడ్లు, కాల్షియం. గెంతనివ్వకండి. మధ్యలో ఏమైనా తేడాగా ఉంటే తీసుకురండి. తర్వాత సంగతి తర్వాత."

తొమ్మిది వారాలు! ఆమె మొదట చెప్పిన రెండు నెలలకు సరిగ్గా సరిపోయింది. రామలింగ రాజా క్యాలెండరులో అరవై మూడు కాగితాలు లెక్కపెట్టి, అరవై మూడోదాని మీద ఎర్రసిరాతో 'వెన్న' అని రాసి, మూల మడిచాడు. ఒక్కటే అర్థం కాలేదు. సూడు వచ్చిన కుక్కకి గుడ్లెందుకు? గుడ్డు తింటే ఇంకా సూడు కదా? కాని ఆవిడ చదువుకున్న మనిషి. గుడ్డుకు గుడ్డిగా లోబడ్డాడు.

తర్వాతి మూడు వారాలు ఆ వీధిలో స్వయంవరం జరిగింది. పెళ్ళికూతురు మిద్దెమీద. పెళ్ళికొడుకులు గేటు దగ్గర. గోధుమరంగువాడు, ఒంటిచెవివాడు, ఎవరి ఇంటిదో మెడలో గంట కట్టుకొచ్చినవాడు. మధ్యలో గొడుగు పట్టుకుని తండ్రి. వెన్నకి వేడి తగిలింది గాని, కరిగింది మాత్రం రామలింగ రాజా. నాలుగు కిలోలు తగ్గాడు. మగ్గాల దగ్గరికి సెలవు పెట్టాడు. కారణం రాయాల్సిన చోట 'ఇంట్లో ఆడపిల్ల' అని రాశాడు. సెలవు దొరికింది, శుభాకాంక్షలు కూడా దొరికాయి.

పద్దెనిమిదోరోజు సేత్తూరు బస్సు దిగి వేదవల్లి వచ్చింది. తమ్ముడు స్నానానికి వెళ్ళాడు. మంగళం అక్కగారికి కాపి కలిపి ఇచ్చింది. తాగుతూ తాగుతూ ఆవిడ, వాకిలి ఊడ్చిన చెత్త పారేద్దామని వెనక తలుపు తీసింది. మిద్దెమెట్లు దిగి తెల్లటి మెరుపొకటి ఆవిడ చీరకుచ్చెళ్ళ పక్కనుంచి దూసుకుపోయింది.

రామలింగ రాజా తడి తువ్వాలుతో వీధిలోకి పరుగెత్తేసరికి, వేదవల్లి వెన్న మెడపట్టీ పుచ్చుకుని సందు మలుపు తిరిగి వస్తోంది.

"ఏమి జరగలేదురా. అదట్ల పోయినాది, నేనిట్ల పట్టినాను. నా కాపి సూడు గూడ ఆరలేదు, కావాలంటే పోయి తాగి సూసుకో."

ఆయన నిజంగానే వెళ్ళి లోటా ముట్టుకున్నాడు. గోరువెచ్చగా ఉంది. ఆ గోరువెచ్చదనం నెలన్నర పాటు ఆయన గుండెలో గోరులా గుచ్చుకుంటూనే ఉంది.

వారాలు గడిచాయి. గేటు దగ్గరి పెళ్ళివారు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. ఆయన రోజూ ఒక కాగితం చింపుతున్నాడు, మంగళం రోజూ రెండు గుడ్లు ఉడకబెడుతోంది. ఎనిమిదోవారంలో వెన్న నడుము పీపాలా తయారైంది. పొట్ట కిందికి దిగింది. పొదుగు ఉబ్బింది. ఆయన పంచెను మూలకు లాక్కెళ్ళి కాళ్ళతో గీరి గుంట చేసుకుంది. ఒకరోజు సత్రపట్టి నుంచి తెచ్చిన సంచిని చించి, అందులోని గాజుగుడ్డ ఉండలను ఒక్కొక్కటిగా నోటకరుచుకుని ఆ పంచె గుంటలో పెట్టుకుంది. వాటి చుట్టూ చుట్టుకుని పడుకుని నాకసాగింది. ఎవరైనా దగ్గరికి వెళితే గుర్రుమంది.

మళ్ళీ బస్సు దిగి వచ్చిన వేదవల్లి వంగి లెక్కపెట్టింది. "ఒకటి, రెండు... ఎనిమిది! రామలింగా, ఎనిమిది పిల్లలురా! తల్లికి ముందుగానే తెలిసిపోతాది."

"అక్కా, అవి కట్టుబట్ట ఉండలు."

"బట్టేరా, రేపు అవే పిల్లలై బట్టకట్టేది! సూడరా ఆ పొట్ట. నువ్వు వద్దన్నా దేవుడు ఇచ్చినాడు. చోళపురంలో నా ఆడబిడ్డకి ఒకటి, మా పక్కింటికి ఒకటి, ఆ బస్సు కండక్టరు అడిగినాడు, వానికి ఒకటి..."

"నీ కాపి దాన్ కారణం!" అని అరిచాడు తమ్ముడు.

"ఏరా, కాపి తాగితే కుక్క కడుపైతాదా?"

మంగళం వంగి వెన్న పొదుగు మెల్లగా నొక్కి చూసింది. వేలికి తెల్లటి బొట్టు అంటింది. ఆమె ఆయన వైపు చూసింది. "ఏమండీ, పాలు."

రామలింగ రాజా బల్ల దగ్గరికి వెళ్ళి కూలబడ్డాడు. మూల మడిచిన కాగితానికి ఇంకా ఆరురోజులే ఉన్నాయి. ఇప్పుడు ఇది ఈనితే రెండు నెలలు పాలివ్వాలి. అవి ఎండాలి. ఎండేలోగా మళ్ళీ వస్తుంది. అది దాటాలి. అదే దారి. పాలమ్మ నడిచిన దారిలోనే, అవే అడుగుల్లో వెన్నను తనే చేయిపట్టి నడిపిస్తున్నాడు. ఒక్కనాడు గూడ తప్పనన్నాడు. ఒక్క కాపి తాగేంతసేపు తప్పాడు.

ఫోన్ చేశాడు. "అమ్మా, నేను వెన్న అప్పను. వెన్నకి పాలు వచ్చినాయి."

"వచ్చాయా! చాలా మంచిదండీ," అంది భార్గవి సంతోషంగా. "అంటే ఈ వారంలో ఈనేస్తుంది. సరిగ్గా లెక్క ప్రకారమే."

లెక్క ప్రకారమా! ఏ లెక్క? చూడకుండానే ఈవిడకెలా తెలిసింది? "అమ్మా, ఇప్పుడే వస్తాము," అని పెట్టేశాడు.

ఆటోలో ముందు డ్రైవరు, వెనక మంగళం, రామలింగ రాజా, వాళ్ళ ఒళ్ళో అడ్డంగా వెన్న, వెన్న నోట్లో విడవకుండా ఒక గాజుగుడ్డ ఉండ. పిల్లలెన్నో తన చెవులతో వినాలని వేదవల్లి కూడా ఇరుక్కుంది. దారి పొడవునా ఎవరూ మాట్లాడలేదు. వేదవల్లి మాట్లాడలేదంటే సంగతి ఎంత పెద్దదో ఆటోడ్రైవరుకు తెలియదు గాని మిగతావాళ్ళకు తెలుసు.

క్లినిక్కులో మారిసెల్వి వెన్న పొట్టమీద చల్లటి జిగురు పూసింది. భార్గవి స్కాన్ యంత్రం మీటను అటు జరిపింది, ఇటు జరిపింది. మళ్ళీ అటు. కనుబొమలు ముడిపడ్డాయి.

రామలింగ రాజా ఆ ముడినే చూస్తున్నాడు. తిరునెల్వేలి డాక్టరు మొహంలోనూ ముందు ఇలాంటి ముడే పడింది. "అమ్మా... చీమా?" అన్నాడు.

"చీమేమిటండీ? చీమూ లేదు, పామూ లేదు. గర్భసంచి సన్నగా, శుభ్రంగా ఉంది. కాని," అని ఆమె తలెత్తి చూసింది, "పిల్లలేవండీ?"

"పిల్లలా?"

"ఒక్కటీ లేదే! మీరే కదా చూడి అన్నారు?"

"నేనా? నేనెక్కడ అన్నాను?"

"ఫోన్‌లో! పొద్దున నా కళ్ళతో చూశాను, చూడి అన్నారు. నేను నోట్ చేసుకున్నాను కూడా." ఆమె పుస్తకం తిప్పి చూపించింది. అందులో గుండ్రటి అక్షరాల్లో 'వెన్న, చూడి' అని రాసి ఉంది.

రామలింగ రాజా ఆ మాటను వేలితో ముట్టి చదివాడు. "అమ్మా, నేను చెప్పినది సూడి కాదు. సూడు."

"ఏం చూడమంటారు?"

"సూసేది కాదమ్మా. సూడు. కాపి సూడు. ఎండ సూడు. మన అచ్చతెలుగులో..."

మారిసెల్వి జిగురు సీసా కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేకపోయింది. "మేడం, సూడు అంటే తమిళంలో వేడి! హీట్! సార్ చెప్పినది హీట్ వచ్చిందని!"

భార్గవి యంత్రం కట్టేసింది.

"తమిళమా?" అన్నాడు రామలింగ రాజా నీరసంగా. "సూడు తమిళమా? మా అవ్వ..."

"అంటే," భార్గవి నుదుటిమీద చెయ్యి పెట్టుకుంది, "ఆరోజు మీరు చూసింది నెత్తుటి చుక్కలు. నేననుకున్నది ఇంకోటి. ఛీ ఛీ! వేడికి నేను గుడ్లు పెట్టించాను! ఒక్కసారి తీసుకురమ్మని చూడాల్సింది. తప్పు నాదండీ."

"తప్పు మా అవ్వది," అన్నాడు ఆయన.

"మరి ఈ పొట్ట?" అంది వేదవల్లి, ఇంకా ఆశ వదలక.

"నూట పద్నాలుగు గుడ్లు వదినా, నేనే ఉడికించినాను," అంది మంగళం.

"పాలు? పిల్లలని అనుకుని బట్ట ఉండలు నాకేది?"

మారిసెల్వి తేల్చేసింది. "అది పొయ్ గర్భం, అమ్మా."

భార్గవి ఉలిక్కిపడింది. "పోయె గర్భమా? లేనిది ఎలా పోతుంది మారిసెల్వి?"

"పోయేది కాదు మేడం. పొయ్ అంటే అబద్ధం. అబద్ధపు కడుపు."

"దేవుడా, ఈ ఊళ్ళో నాకు డాక్టరు పనికంటే చెవుల పనే ఎక్కువైంది," అంటూ భార్గవి నవ్వేసింది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఎద అయిపోయిన నెలా రెండు నెలలకు కొన్ని ఆడకుక్కల ఒంటికి కడుపు నిలవకపోయినా నిలిచినట్టే తోస్తుంది. పాలొస్తాయి, గూడు కట్టుకుంటాయి, చెప్పునో గుడ్డనో పిల్లనుకుని సాకుతాయి. జబ్బు కాదు, దానంతటదే తగ్గుతుంది.

రామలింగ రాజా అప్పుడు గోడకు చేరగిలబడ్డాడు. పిల్లలు లేరు. చీము లేదు. సందు మలుపులో, ఆ గోరువెచ్చటి కాపి సేపట్లో, ఏమీ జరగలేదు. ఆయన అక్క వైపు తిరిగి, "నీ కాపి సూడు నిజం దాన్ అక్కా," అన్నాడు. అది పొగడ్తో తిట్టో తెలియక ఆవిడ ముక్కు చిట్లించింది.

"అయితే ఆపరేషన్ ఎప్పుడమ్మా? నా క్యాలెండరులో ఆరు రోజులు ఉండాది."

"ఆరు రోజుల్లో వద్దు. పాలున్నప్పుడు కోస్తే కుట్లకు ఇబ్బంది, ఈ పాలూ తొందరగా ఎండవు. నాలుగు వారాలు ఆగుదాం."

ఆయన మొహం మళ్ళీ పాలిపోయింది. "ఆగేదా అమ్మా? మేము ఆగి ఆగి దాన్ దీని తల్లిని..." మంగళం ఆయన మోచెయ్యి పట్టుకుని, మిగతాది తనే చెప్పింది. ఆరేళ్ళ వాయిదాలు, ఆఖరి ఈత, బకెట్లకొద్దీ నీళ్ళు, నాలుగోరోజు. వేదవల్లి కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

భార్గవి అంతా విని, పుస్తకంలో 'చూడి' మాట కొట్టేసి, కొత్త పేజీ తిప్పింది. "సార్, తేదీ లేకుండా ఆగితే అది వాయిదా. తేదీ పెట్టుకుని ఆగితే అది వైద్యం. మళ్ళీ ఎద రావడానికి ఇంకా మూడు నాలుగు నెలలుంది. గుడ్లు మానేయండి. తిండి తగ్గించండి. పొదుగు ముట్టుకోవద్దు, ఆ ఉండలు నెమ్మదిగా తీసేయండి. ఇదిగో, ఇవాళ్టికి ఇరవై ఎనిమిదో రోజు, పొద్దున ఎనిమిదింటికి. ఏమని రాయమంటారు? స్పే అననా, కుటుంబ నియంత్రణ అననా, మీ కరుత్తడై అననా?"

"పేరు వద్దమ్మా," అన్నాడు రామలింగ రాజా కంగారుగా. "తేది చాలు. తేది అన్ని బాషల్లో ఒకటే దాన్."

బయటికి వచ్చాక వేదవల్లి ఇక ఉండబట్టలేకపోయింది. "ఏరా, ఎనిమిది ఇండ్లకి మాట ఇచ్చినానే! కండక్టరు మొన్న నా దగ్గర టికెట్ డబ్బు గూడ తీసుకోలేదు. వాళ్ళకి ఏమి చెప్పేది?"

"తలా ఒక కట్టుబట్ట ఉండ ఇయ్యి అక్కా. వెన్న పిల్లలు దాన్ అవి, సాక్షికి నువ్వే ఉన్నావు. లెక్క గూడ నువ్వే పెట్టినావు."

"ఒక్క ఈత..." అని మొదలుపెట్టింది ఆవిడ అలవాటుగా. తమ్ముడి మొహం చూసి, అక్కడే ఆగి, వెన్న తల నిమిరింది. "సరి పో. దీనికి ఈత వద్దు. ఒడ్డునే ఉండనీ."

ఇరవై ఎనిమిది కాగితాలు చిరిగాయి. గుడ్లు మానేశాక వెన్న నడుము మళ్ళీ నాజూకైంది. పాలు ఎండాయి. గాజుగుడ్డ ఉండలు రోజుకొకటి చొప్పున మాయమయ్యాయి, ఎనిమిదోదాన్ని అదే మరిచిపోయింది. ఆ నెలలో మంచిరోజులున్నాయా చెడ్డరోజులున్నాయా అని క్యాలెండరు కింద సన్నక్షరాల్లో రాసే ఉంటుంది. రామలింగ రాజా చదవలేదు.

ఆ పొద్దున ఎనిమిదింటికి ఐదు నిమిషాల ముందే క్లినిక్కు మెట్లమీద ఉన్నారు. లోపలికి తీసుకెళ్ళేముందు ఆయన సంచిలోంచి ఒక పొట్లం తీసి మారిసెల్వి చేతిలో పెట్టాడు. కొత్త గాజుగుడ్డ, సీలు విప్పనిది. "నా మగ్గం మీదిది. ఇరవై ఏడేళ్ళుగా ఎవరెవరికో పోతా ఉండాది. నేడు మా ఇంటికి కావాల."

తలుపు మూసుకుంది. వేదవల్లి మెట్లమీద కూర్చుని వక్క నమిలింది. మంగళం ఆయన పక్కన నిలబడింది. గంట, గంటంబావు. ఆయన మెట్లు పదిహేడుసార్లు దిగి ఎక్కాడు. మెట్లున్నవి మూడే.

తలుపు తీసుకుని భార్గవి బయటికి వచ్చింది. తలకు కట్టిన టోపీ ఒక పక్కకి జారి ఉంది. మొహం నిండా నవ్వు. "అయిపోయింది సార్. చక్కగా అయింది. ఇక ఆ జబ్బు దీని దరిదాపులకు రాదు. రండి, మత్తు దిగుతోంది."

లోపల బల్లమీద వెన్న పక్కకు ఒరిగి పడుకుని ఉంది. పొట్టచుట్టూ తెల్లటి కట్టు. తెల్లటి ఒంటిమీద అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. నేయించినవాడికి మాత్రం తెలిసింది. రామలింగ రాజా అంచుమీద వేలు ఆనించి, ఊపిరితో పాటు అది లేచి దిగడం చూస్తూ నిలబడ్డాడు.

తేనెరంగు కన్ను ఒకటి సగం విచ్చుకుంది. తోక బల్లమీద ఒక్కసారి టప్‌మని కొట్టింది.

"సూడు, సూడు!" అని అరిచింది మంగళం.

భార్గవి చేతిలోని కాగితాలు కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. "ఏ సూడమ్మా? వేడా? జ్వరమా? లేకపోతే మళ్ళీ..."

"ఏదీ కాదమ్మా," అన్నాడు రామలింగ రాజా. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, మీసం కింద నవ్వు ఆగడం లేదు. "ఇది కండ్లతో సూసే సూడు. ఈ ఒక్కటి మాత్రం తెలుగు దాన్. అదిగో, సూడు."

అందరూ చూశారు. వెన్న రెండో కన్ను కూడా తెరిచింది.